బడిలో అడుగుపెట్టే ప్రతి మనిషి గురించి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయానికి సంబంధించినవి. బడిలో పని చేసేవారి పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారించాలన్న నిబంధన ఎవరికి వర్తిస్తుంది, ఎంతవరకు పనికొస్తుంది, దాని వల్ల ఎవరికి ఇబ్బంది అని మహారాష్ట్ర సరిహద్దు తాలూకాలైన సిరోంచ, దెగ్లూర్, కిన్వట్, రాజురా ప్రాంతాల మన పాఠకులు అడిగారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఊర్ల పేర్లు కావాలనే ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా ఇద్దరు ఆడపిల్లలు ఊరి జిల్లా పరిషత్ బడిలో మూడో తరగతి, ఐదో తరగతి చదువుతున్నారు. ఈ ఏడాది బడి శుభ్రం చేయడానికి, కాపలాకు ఒక మనిషిని కాంట్రాక్టర్ పెట్టాడు. అతడు ప్రాణహిత అవతలి ఒడ్డు నుంచి, అంటే తెలంగాణ వైపు నుంచి వచ్చాడు. అక్కడ ఒక బడిలో పని చేస్తూ నడిమధ్యలో మానేశాడని మాత్రం తెలిసింది, ఎందుకు మానేశాడో ఎవరూ చెప్పరు. హెడ్‌మాస్టర్‌గారిని అడిగితే, "పోలీసు వెరిఫికేషన్ టీచర్లకేనమ్మా, కాంట్రాక్టు మనుషుల సంగతి కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అన్నారు. ఇది నిజమేనా? — ఒక తల్లి, సిరోంచ తాలూకా

జవాబు: నిజం కాదమ్మా. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడేందుకు 2012లో వచ్చిన పోక్సో చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2020 మార్చిలో కొత్త నియమాలను తెచ్చింది. వాటిలో 3వ నియమం 4వ ఉపనియమాన్ని మీ హెడ్‌మాస్టర్‌గారికి చూపించండి. పిల్లలు ఉండే, లేదా పిల్లలతో తరచూ సంబంధం ఉండే ప్రతి సంస్థా, అంటే బడి, శిశు సంరక్షణ కేంద్రం, క్రీడా శిక్షణ కేంద్రం వంటివన్నీ, తమ సిబ్బందిలో పిల్లలకు దగ్గరగా మసలే ప్రతి ఒక్కరికీ పోలీసు విచారణ, పూర్వాపరాల పరిశీలన చేయించాలని, అది కూడా ఒక్కసారితో సరిపెట్టకుండా కాలానుగుణంగా చేయించాలని ఆ నియమం చెబుతుంది. పాఠం చెప్పేవారు, చెప్పనివారు, శాశ్వత ఉద్యోగులు, కాంట్రాక్టువారు అన్న తేడా అందులో లేదు. చీపురు పట్టుకొని వచ్చినా, తాళం చెవులు పట్టుకొని వచ్చినా ఆ నియమం కిందికి వస్తారు, విచారణ జరిగిందో లేదో చూసుకొనే బాధ్యత సంస్థది.

మహారాష్ట్రలో దీనికి తోడు మరొక ఉత్తర్వు ఉంది. 2024 ఆగస్టులో బద్లాపూర్‌లోని ఒక బడిలో శిశు తరగతి చదివే ఇద్దరు పసిపిల్లలపై లైంగిక దాడి జరిగిందన్న వార్త రాష్ట్రమంతటినీ కదిలించింది. అందులో నిందితుడు కాంట్రాక్టు మీద వచ్చిన పారిశుద్ధ్య కార్మికుడే. ఆగస్టు 20న జనం రైలు పట్టాలపై బైఠాయించారు. ఆ మరునాడే పాఠశాల విద్యాశాఖ ఒక ప్రభుత్వ నిర్ణయం వెలువరించింది. సీసీ కెమెరాలు, ఫిర్యాదుల పెట్టెలు, బడిలో పిల్లల భద్రత చూసే సఖి సావిత్రి కమిటీలు, అవాంఛనీయ ఘటన జరిగితే 24 గంటల్లో విద్యాధికారికి తెలియజేయడం వంటి వాటితో పాటు, బయటి ఏజెన్సీల ద్వారా వచ్చే కాపలాదార్లు, పారిశుద్ధ్య కార్మికులు, సహాయకులు మొదలైనవారి నడవడిని పోలీసుల ద్వారా తప్పక విచారించాలని అందులో ఉంది. కాబట్టి "కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అన్న మాట రాష్ట్ర ప్రభుత్వ ఆదేశానికే విరుద్ధం.

ఇక మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. మరాఠీలో చారిత్ర్య పడతాళణీ అనే ఈ విచారణలో పోలీసులు ముఖ్యంగా చూసేది, ఆ మనిషి మీద కేసు నమోదై ఉందా అన్నదే. మీరు చెప్పిన మనిషి నది దాటి వచ్చాడు. అతడు ఇక్కడి చిరునామా మాత్రమే రాస్తే, ఇక్కడి స్టేషన్‌లో అతని మీద ఏమీ ఉండదు, దాఖలా శుభ్రంగా వస్తుంది. అవతలి ఒడ్డున నిజంగానే ఏదైనా జరిగి, ఆ బడివాళ్లు పరువు పోతుందని కేసు పెట్టకుండా "నువ్వు రేపటి నుంచి రావద్దు" అని పంపేసి ఉంటే, ఏ స్టేషన్ రికార్డులోనూ ఆ సంగతి కనబడదు. అటువంటిదేమీ జరగకుండా, జీతం చాలకనో ఇంటి ఇబ్బంది వల్లనో అతడు మానేసి ఉండవచ్చు కూడా. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చగలిగేది అతడు ఇంతకు ముందు పని చేసిన బడి ఒక్కటే. అందుచేత పోలీసు కాగితంతో పాటు పాత బడి నుంచి రాతపూర్వకంగా మూడు విషయాలు తెప్పించుకోవాలి: ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పని చేశాడు, ఎందుకు మానేశాడు, పిల్లల విషయంలో అతని మీద ఎప్పుడైనా ఫిర్యాదు వచ్చిందా. ఆ ఉత్తరం హెడ్‌మాస్టర్ సంతకంతో వెళ్లాలి. ఒక వారంలో జవాబు రాకపోతే ఫోన్ చేసి మాట్లాడాలి.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ సరిహద్దు తాలూకాల్లోనే పాఠాలు చెప్పాను, చివరి ఆరేళ్లు హెడ్‌మాస్టర్‌గా ఉన్నాను. ఆ రోజుల్లో నా దగ్గరికి సంతకం కోసం వచ్చిన నడవడి ధ్రువపత్రాల్లో "నాకు తెలిసినంతవరకు మంచివాడు" అన్న వాక్యం అచ్చయ్యే ఉండేది, కింద సంతకం పెట్టి ముద్ర వేయడమే నా పని. వారిలో కొందరు నాకు పేరుతో తప్ప తెలియరు. మా పక్క ఊరి బడి నుంచి ఒకతను మారి వచ్చినప్పుడు అతడు అక్కడ ఎందుకు ఇమడలేదని నేను అడగలేదు, వారూ చెప్పలేదు. రెండేళ్ల తరువాత ఒక పిల్ల తల్లి ఏడుస్తూ వచ్చి చెప్పిన సంగతి పాత బడివారికి ముందే తెలుసని బయటపడింది. ఆ సంతకం నాదే. ఇవాళ ఈ శీర్షికలో ఇంత పట్టుబట్టి రాస్తున్నానంటే కారణం అదే.

మీరు చేయవలసింది చెబుతాను. ప్రతి ప్రభుత్వ బడికీ విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. వచ్చే సమావేశంలో ఈ ప్రశ్న లేవదీసి, దాన్ని సమావేశం పుస్తకంలో రాయించండి. మాటగా అడిగింది గాలికి పోతుంది, పుస్తకంలోకి ఎక్కినదానికి జవాబు చెప్పక తప్పదు. అక్కడ కదలిక లేకపోతే పంచాయత్ సమితిలోని గట శిక్షణాధికారికి (బ్లాకు విద్యాధికారికి) అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో దరఖాస్తు పెట్టి, బడిలో ఎంతమంది పని చేస్తున్నారు, ఎంతమందికి విచారణ పూర్తయింది, ఏ తేదీన అయింది అని కూడా అడగవచ్చు. సాధారణంగా ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక వ్యక్తి పేరు పెట్టి అతని నివేదిక నకలు అడిగితే వ్యక్తిగత సమాచారమని నిరాకరించే అవకాశం ఉంది కనుక సంఖ్యలు, తేదీలు అడగండి. లైంగిక నేరస్థుల జాతీయ జాబితా 2018లో మొదలైంది గాని అది పోలీసులు, దర్యాప్తు సంస్థలు మాత్రమే చూడగలిగేది. మీరు గాని, హెడ్‌మాస్టర్‌గారు గాని దాన్ని నేరుగా చూడలేరు.

ఒక్క మనవి. ఆ మనిషి ఫోటో గాని, పేరు గాని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అతని మీద ఇంతవరకు ఏ ఆరోపణా లేదు, మీకున్నది జవాబు దొరకని ప్రశ్న మాత్రమే. ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా అతడిని పిల్లలున్న వేళ ఒంటరిగా గదుల్లో, మరుగుదొడ్ల దగ్గర పనికి పంపవద్దని కోరడం మాత్రం మీ హక్కు, అది ఎవరినీ అవమానించినట్టు కాదు.

ప్రశ్న: నేను ఎనిమిదేళ్లుగా బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతున్నాను. చేను గట్టు దగ్గర మా బావగారి కుటుంబంతో కొట్లాట జరిగినప్పుడు నా మీద, నా భర్త మీద కేసు పెట్టారు. తరువాత పెద్దమనుషులు రాజీ చేశారు. కోర్టులో కూడా రాజీ అయిందని మావారు అంటారు గాని మా దగ్గర కాగితం లేదు. ఇప్పుడు వెరిఫికేషన్ ఫారం నింపమంటున్నారు. కేసు ఉందా అన్నచోట "లేదు" అని రాయమని తోటివాళ్లు చెబుతున్నారు. నా పని పోతుందా? — దెగ్లూర్ తాలూకా నుంచి ఒక వంట కార్మికురాలు

జవాబు: అమ్మా, "లేదు" అని రాయకండి. మీ పనికి ఆ పాత కేసు కంటే ఆ ఒక్క మాటే ఎక్కువ ప్రమాదం తెస్తుంది. ప్రభుత్వ నియామకాల్లో పూర్వాపరాలు దాచిపెట్టడం గురించి సుప్రీంకోర్టు 2016 జూలైలో, అవతార్ సింగ్ కేసులో, చాలా వివరంగా చెప్పింది. అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి. చిన్న కేసైతే, దాచినప్పటికీ, అధికారి దాన్ని చూసీచూడనట్టు వదిలేయవచ్చు. ఫారంలో స్పష్టంగా అడగని విషయాన్ని చెప్పలేదని ఎవరినీ తప్పుపట్టకూడదు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు, అధికారి ఆ కేసు ఎలాంటిదో, ఉద్యోగం ఎలాంటిదో చూసి నిర్ణయించాలి. మీరు గౌరవ వేతనం మీద పని చేసేవారు కనుక శాశ్వత ఉద్యోగులకుండే రక్షణలన్నీ మీకు అలాగే ఉన్నాయని చెప్పలేను. అయినా మీ విషయం తేల్చే అధికారి ముందు మీరు ఈ తీర్పును ప్రస్తావించవచ్చు.

ఫారం మరాఠీలో ఉంటుంది గనుక ముందు అందులో ఏమి అడిగారో మాట మాటా చదివించుకోండి. గున్హా దాఖల్ అంటే కేసు నమోదు కావడం, ప్రలంబిత్ అంటే ఇంకా కోర్టులో ఉండటం, శిక్షా అంటే శిక్ష పడటం. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు, మూడింటికీ మీ జవాబు ఒకటి కాదు. కేసు నమోదైన మాట నిజమే కనుక మొదటిదానికి అవునని రాసి, పక్కనే ఫలానా సంవత్సరం, ఫలానా కోర్టు, రాజీ అయింది అని చేర్చండి. మీరు చెప్పినట్టు కోర్టులోనే రాజీ నమోదై ఉంటే, అది రాజీకి వీలున్న నేరమైతే, చట్టం దృష్టిలో ఆ రాజీ నిర్దోషిగా విడుదలైనదానితో సమానం. కాని ఆ మాటను మీ నోటితో చెబితే చాలదు. ఊళ్లో పెద్దమనుషుల ముందు అయిన రాజీ వేరు, కోర్టు పుస్తకంలో అయిన రాజీ వేరు. పెద్దమనుషుల రాజీ మాత్రమే జరిగి, కోర్టుకు ఎవరూ వెళ్లకపోతే ఆ కేసు ఇప్పటికీ ప్రలంబితంగానే ఉండవచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరుతో కూడా వెతకవచ్చు, మీ పిల్లల్లో ఎవరైనా ఫోనులో చూడగలరు. కేసు సంఖ్య దొరికాక కోర్టు నకళ్ల విభాగంలో తీర్పు ధ్రువీకృత నకలు తీసుకొని, ఫారంతో జతచేయండి.

హెడ్‌మాస్టర్‌లు, అధికారులు ఈ శీర్షిక చదువుతారని నాకు తెలుసు, వారికి ఒక మాట. ఈ విచారణ పిల్లల రక్షణ కోసం వచ్చింది. పిల్లల మీద, స్త్రీల మీద జరిగిన నేరం, మత్తుపదార్థాల కేసు, తీవ్రమైన హింస, ఇవి కనబడితే ఆ మనిషిని బడి గడప తొక్కనీయకూడదు. గట్టు తగాదాలో పేరు పడ్డ వంట కార్మికురాలిని అదే గాటన కట్టడం అన్యాయం. పేదవారి మీద కేసులు సులభంగా పడతాయి, రాజీ కాగితం తెచ్చుకోవడానికి వారికి ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. వారికి గడువు ఇవ్వండి.

ప్రశ్న: నా చదువు పదో తరగతి వరకు ఆదిలాబాద్ వైపు, తరువాత కిన్వట్‌లో సాగింది. బడిలో కాంట్రాక్టు పోస్టుకు ఎంపికయ్యాను గాని, ఆధార్‌లో ఒక పేరు, పాత బడి సర్టిఫికెట్‌లో మరొక పేరు ఉందని పోలీసులు విచారణ ఆపేశారు. అలాగే నా మీద పదహారేళ్ల వయసులో ఒక చిన్న కేసు బాలల న్యాయమండలి ముందుకు వెళ్లి ముగిసింది. అది కూడా రాయాలా? — ఒక యువకుడు, కిన్వట్

జవాబు: పేరు చిక్కు మన సరిహద్దు తెలుగువారిలో చాలామందికి ఉన్నదే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, తరచూ ఒక్క అక్షరంగా కుదిస్తాం. మరాఠీ రికార్డుల్లో సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఆ వరుసలో రాస్తారు, పెళ్లయిన స్త్రీ పేరు మధ్యలో భర్త పేరు చేరుతుంది. దానితో ఒకే మనిషి ఇద్దరుగా కనబడతాడు. పోలీసులు ఆపడంలో తప్పు లేదు, ఎందుకంటే ఒక పేరుతో వెతికితే మరో పేరు మీది కేసు తప్పిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. మీ పేర్లన్నీ, రెండు రాష్ట్రాల్లో మీరున్న చిరునామాలన్నీ, ఏ కాలంలో ఎక్కడ ఉన్నారో కలిపి అఫిడవిట్ రాయించి, పాత బడి టీసీతో, పదో తరగతి సర్టిఫికెట్‌తో సమర్పించండి. ముందు ముందు శాశ్వత ఉద్యోగానికి వెళ్లదలిస్తే పేరు మార్పును రాష్ట్ర గెజిట్‌లో ప్రచురింపజేసుకోవడం మంచిది. తెలంగాణ చిరునామా దాచుకోకండి. విచారణ అక్కడి స్టేషన్‌కు కూడా వెళ్తే నాలుగు వారాలు ఆలస్యమైనా, ఆ తరువాత మిమ్మల్ని వేలెత్తి చూపేవారు ఉండరు.

బాల్యంలోని కేసు గురించి: 2015 నాటి బాలల న్యాయచట్టం 24వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద విచారణ జరిగిన పిల్లవాడికి ఆ నేరం వల్ల ఏ అనర్హతా అంటకూడదు. పదహారు దాటాక ఘోరనేరంలో పెద్దవాడిగా విచారించి దోషిగా తేల్చిన సందర్భం మాత్రం దీనికి మినహాయింపు. మీరు చెప్పిన వివరాలు అలా లేవు. ఫారంలోని ప్రశ్న మాటలను జిల్లా న్యాయసేవా సంస్థ వకీలుకు చూపించి జవాబు రాయండి, ఆ సలహాకు రుసుము ఉండదు.

ప్రశ్న: నేను ఒక బాలికల వసతి గృహంలో పని చేస్తున్నాను. ఇక్కడి ఉద్యోగి ఒకరు తనతో తప్పుగా ప్రవర్తించాడని ఒక పిల్ల నాకు చెప్పింది. అతని పోలీసు దాఖలా శుభ్రంగా ఉందని, ముందు లోపల విచారణ జరిపి, అవసరమైతే వేరే చోటికి మార్చేస్తామని, బయట చెప్పవద్దని పైవారు అంటున్నారు. ఆ పిల్లకు తెలుగు, గోండీ తప్ప మరాఠీ సరిగా రాదు. నేనేం చేయాలి? — రాజురా తాలూకా

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికి అందేదాకా ఆగకూడదని మీకు విడిగా ఉత్తరం రాశాను. అదే ఇతరుల కోసం ఇక్కడ ఇస్తున్నాను.

పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన, లేదా జరిగే అవకాశం ఉందని అనుమానించిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ ఆదేశిస్తుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. తన కింద పని చేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికైతే ఏడాది వరకు జైలు, జరిమానా. లోపలి విచారణ అయ్యేదాకా ఆగవచ్చని చట్టంలో ఎక్కడా లేదు. నిజం తేల్చడం మీ పని కాదు, పోలీసుల పని. సదుద్దేశంతో చెప్పినందుకు మీ మీద ఏ కేసూ నిలవదని అదే 19వ సెక్షన్ హామీ ఇస్తుంది.

మీ రాజురాలోనే ఒక బడి వసతి గృహంలో గిరిజన బాలికలపై దాడుల కేసు 2019లో బయటపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లలకు వైద్యం చేసిన ఒక డాక్టరు, తెలిసి కూడా పోలీసులకు చెప్పలేదన్న అభియోగంపై పెట్టిన కేసును హైకోర్టు కొట్టివేస్తే, 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. తెలిసి కూడా చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, చాలాసార్లు అది నేరస్థులను కాపాడే ప్రయత్నమని ఆ తీర్పులో ఉంది.

"అతని దాఖలా శుభ్రంగా ఉంది" అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగాలి. ఇప్పుడు మీ పైవారు చేయబోతున్నట్టే ఇంతకు ముందు పని చేసిన చోట కూడా ఎవరైనా చేసి ఉంటే, అతని దాఖలా శుభ్రంగా కాక మరెలా ఉంటుంది? ఈ ఉత్తరాల్లో మొదటిది రాసిన సిరోంచ తల్లికి జవాబు దొరకని ప్రశ్న ఇలాంటి బదిలీల్లోంచే పుడుతుంది. మీరు ఇవాళ ఫిర్యాదు చేస్తే, రేపు మరో బడి వెరిఫికేషన్‌కు పంపినప్పుడు ఆ కాగితం మీద ఒక వాక్యం ఉంటుంది. చేయకపోతే ఖాళీగానే ఉంటుంది.

పిల్ల భాష గురించి దిగులు పడకండి. రాస్తున్న భాష పిల్లకు అర్థం కాకపోతే అనువాదకుడిని ఏర్పాటు చేయాలని 19వ సెక్షనే చెబుతుంది, కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా ఆ సహాయం ఉంటుంది. గోండీ తెలిసినవారు కావాలని మొదటి రోజే అడగండి. పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లో లేదా ఆమె కోరిన చోట, వీలైనంతవరకు సబ్‌ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా వచ్చి తీసుకోవాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక న్యాయస్థానానికి తెలియజేయాలి. పిల్ల పేరు, బడి పేరు, ఊరు బయటికి పొక్కనీయకండి. ఆమెను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించకండి, చెప్పినంత విని, ఆమె మాటల్లోనే తేదీ వేసి రాసి పెట్టుకోండి.

రాత్రివేళ అయినా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు. స్టేషన్‌కు వెళ్తే మీరు చెప్పినదాన్ని రాసి, మీకు చదివి వినిపించి, దానికి ఒక ఎంట్రీ సంఖ్య వేసి పుస్తకంలో ఎక్కించాలి. ఆ సంఖ్య మీ దగ్గర రాసుకోకుండా అక్కడి నుంచి లేవకండి.